సన్నాహ దర్శనం

గజ్జె కట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందని మిమ్మల్ని ఎవరైనా అడిగితే తడుముకోకండి. ఒక దర్శన బృందం వచ్చి, నోళ్లు తెరుచుకుని చూసి, ఫొటోలు తీసుకుని, పక్క గదిలోకి వెళ్లిపోయేంతసేపు పడుతుంది. ఈ కొలత నాది కాదు, గవ్వలరేవు సాగర నాద సౌధం వారిది. నా పేరు పైడయ్య. మృదంగం నా వృత్తి. ఆ సౌధంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను మృదంగం వాయించానని చెప్పలేను. వాయించబోయాను.

గవ్వలరేవులో సముద్రం ఉంది, చేపల రేవు ఉంది, సాయంత్రమైతే బజ్జీల బళ్లు ఉన్నాయి. లేనిదల్లా ప్రపంచస్థాయి. అది లేదని మేమెవ్వరం బెంగ పెట్టుకోలేదు గానీ, మా తరఫున పైవాళ్లు పెట్టుకున్నారు. పాత ఐసు ఫ్యాక్టరీ పడగొట్టి, నీళ్ల అంచున గాజుతోనూ తెల్లటి కాంక్రీటుతోనూ ఒక కచేరీ మందిరం లేపారు. నమూనా గీసినాయన అది విచ్చుకుంటున్న శంఖం అన్నాడు. మా రేవులో ఆడవాళ్లు బోర్లించిన చేపల గంప అన్నారు. ఎవరి చూపు వాళ్లది. వేదిక వెనక గోడంతా గాజే. పాడేవాళ్ల వెనకాల సముద్రం విరుచుకుపడుతూ కనిపిస్తుంది, చప్పుడు మాత్రం ఇసుమంతైనా లోపలికి రాదు. గాజు మూడు పొరలు. ఎక్కడెక్కడి నిపుణులో వచ్చి ఆ నిశ్శబ్దాన్ని కొలిచి, ఇంత మంచి నిశ్శబ్దం తాము ఎక్కడా వినలేదని మెచ్చుకుని వెళ్లారు.

అలాంటి చోటు నుంచి మా వరాలక్కకి పిలుపు వచ్చింది. వరాలమ్మ భాగవతారిణి హరికథ చెప్పని పందిరి మా జిల్లాలో లేదు. నాకు మీసం రాకముందు నుంచీ ఆవిడ పక్కన మృదంగం పట్టుకుని కూర్చుంటున్నాను. ఆవిడ చిరతలు అందుకుని గజ్జెకాలు ఒక్కసారి నేలకి తాటించిందంటే, పల్లీలు నములుతున్న దవడలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి.

ఆవిడకి ఒకే ఒక్క కోరిక. వాళ్ల గురువు సింహాద్రిదాసు గారు మా ఏటి మీద కట్టిన హరికథ ఒకటుంది, మొగలేటి కల్యాణం. కొండ కూతురు మొగలేరు సముద్రుణ్ణి పెళ్లాడిన కథ. అందులో పెళ్లికొడుకు తరలి రాడు, పెళ్లికూతురే కొండ దగ్గర్నుంచి కడలి దాకా నడిచి వెళ్తుంది. ఆ నడకే కథకి ప్రాణం. మా పందిళ్లలో సరిగ్గా ఆ నడక దగ్గరికి వచ్చేసరికి నిర్వాహకుడు వచ్చి అక్క చెవిలో ఏదో ఊదేవాడు. ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చేశారనో, వాన వచ్చేలా ఉందనో, ప్రెసిడెంటు గారు మాట్లాడతారనో. మా వైపు కల్యాణ కథ ఒకసారి మొదలైందంటే తాళి పడేదాకా చెప్పేవాళ్లు ఆపకూడదు, వినేవాళ్లు లేవకూడదు. లేచినవాళ్లింట్లో కుదిరిన పెళ్లి చెడుతుందని గట్టి నమ్మకం. అందుకని అక్క పాపం ఆ ఏటిని ఒక్క అంగలో సముద్రం ఒడ్డున దింపి, గబగబా తాళి కట్టించేసేది. నడక మొత్తంగా ఎవ్వరూ వినలేదు. పక్కనే కూర్చున్న నేనూ వినలేదు.

ఇప్పుడు ఆవిడ గొంతులో కాయ పెరిగింది. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. మాట తిరిగి వస్తుందట, పాట సంగతి మాత్రం తాను చెప్పలేడట. అక్క ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "ఈలోగా ఒక్కసారి దాన్ని నడిపించీయాల పైడయ్యా," అంది. ఎవరినో నాకు తెలుసు. మర్నాడే సౌధం వారి పిలుపు వచ్చింది. ముందు జనం, వెనక సాక్షాత్తూ పెళ్లికొడుకు. దేవుడే పంపాడనుకున్నాం ఇద్దరం. పంపింది పర్యాటక విభాగం.

సౌధం కార్యనిర్వాహక సంచాలకులు పరాంకుశం గారు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆయన మాట్లాడుతుంటే మనిషి మాట్లాడుతున్నట్టు ఉండదు, గోడకి అంటించిన ప్రకటన చదువుతున్నట్టు ఉంటుంది.

"మీ వంటి సంప్రదాయ కళాకారుల సేవలను మా సమగ్ర అనుభవ శ్రేణిలో అంతర్భాగం చేయదలిచాం," అన్నారు.

"అంటే కథ చెప్పమంటారా బాబూ?" అంది అక్క.

"కథకు అత్యంత సమీపం దాకా సందర్శకులను తీసుకువెళ్లమంటున్నాం."

మా మొహాలు చూసి ఆయనే విప్పి చెప్పారు. ఈ రోజుల్లో జనం కచేరీ వినడానికి రావడం లేదట. కచేరీ జరిగే చోటు చూడడానికి వస్తున్నారట. అందుకని నడక దర్శనం పెట్టారు. గైడు ముందు నడుస్తుంది, జనం వెనక నడుస్తారు, మెట్లు, దీపాలు, తెరలు, పాలరాతి మరుగుదొడ్లు అన్నీ చూసుకుంటూ బయటపడతారు. ఇంకా ఏం చూడాలనుందని అడిగితే, కళాకారులు తయారవుతుండగా చూడాలనుందని చెప్పారట.

"కచేరీలో అపస్వరం దొర్లవచ్చు, శ్రోతకు ఆవులింత రావచ్చు. సన్నాహంలో అటువంటి ప్రమాదమేమీ లేదు. కళలో సన్నాహమే అత్యున్నత దశ అని మా అధ్యయనంలో తేలింది," అన్నారు పరాంకుశం గారు. "మీరు వేదిక మీద గజ్జె కడుతూ ఉంటారు. వారు శ్రుతి చేస్తూ ఉంటారు. బృందం వీక్షించి ముందుకు సాగుతుంది. మీరు గజ్జె విప్పుతారు. తదుపరి బృందం వస్తుంది. తిరిగి కడతారు."

"మరి కథో?"

"ప్రారంభోత్సవం నాడు మొట్టమొదటి కార్యక్రమం మీదే."

"అదెప్పుడు బాబూ?"

"తగిన సమయంలో."

అక్క నా వైపు చూసింది. నేను గాజుగోడ అవతల సముద్రం వైపు చూశాను. ఒప్పేసుకున్నాం.

మా గైడు పేరు హిమజ. చెంపకి మైకు తగిలించుకుని, చేతిలో చిన్న జెండా పట్టుకుని బృందాన్ని తోలుకొచ్చేది. మంచి పిల్లే, కానీ చెప్పిందే చెప్పి చెప్పి, క్యాంటీన్లో మంచినీళ్లు అడిగినా అదే గొంతుతో అడిగేది.

"దయచేసి తాడు దాటకండి. మీరు ఇప్పుడు కళాకారులను వారి సహజ స్థితిలో చూస్తున్నారు. ఎడమవైపు భాగవతారిణి. కుడివైపు మృదంగ విద్వాంసులు. వారిని పలకరించకండి, తినుబండారాలు ఇవ్వకండి. వెనక కనిపిస్తున్నది సముద్రం. అది వినిపించదు. దయచేసి నడుస్తూ ఉండండి."

తినుబండారాల మాట ఊరికే చేర్చలేదు. ఎవరి చంటివాడో తాడు కింద నుంచి దూరి నా మృదంగం మీద బిస్కెట్టు పెట్టి వెళ్లాడు. నాకు ఆకలిగా ఉండి తిన్నాను. వాళ్ల నాన్న, "తింటన్నాడర్రా, తింటన్నాడు," అంటూ వీడియో తీసుకున్నాడు.

నా కష్టం వేరు. మృదంగానికి ఎడమ మూత మీద రవ్వముద్ద అంటించి, కుడి మూత అంచున గుండ్రాయితో తట్టుకుంటూ శ్రుతి చేస్తాం. ఎంత నిదానంగా తట్టినా ఎక్కడో ఒకచోట శ్రుతి కలిసి ఛస్తుంది కదా. ఒకరోజు అలాగే కలిసింది. శ్రుతిపెట్టె, మృదంగం ఒక్కటై పలికేసరికి అక్క తనకి తెలియకుండానే కాలు తాటించింది. కథ మొదలవుతోందనుకుని బృందం ఉన్నచోటే చతికిలబడింది. వెనక వచ్చే బృందం వీళ్ల మీద పడింది, దాని మీద ఇంకోటి. వేదిక దగ్గర్నుంచి పాలరాతి మరుగుదొడ్ల దాకా జనం ఇరుక్కుపోయి, లోపలున్నవాళ్లు బయటికి రాలేక, బయట ఉన్నవాళ్లు లోపలికి పోలేక నానా అవస్థా పడ్డారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు దిగింది.

"దర్శన వేళలలో శ్రుతి కలవరాదు. కలిసే సూచనలు కనిపించిన పక్షంలో సంబంధిత వాద్యకారుడు తక్షణమే నివారణ చర్యలు చేపట్టవలెను."

ఇక అప్పట్నుంచి శ్రుతి దగ్గరికి వచ్చినప్పుడల్లా రవ్వముద్ద గీకి పారేసేవాణ్ణి. శ్రుతి కలపడం రాక చిన్నప్పుడు గురువు చేత తిన్న దెబ్బలు ఇంకా వేళ్లకి గుర్తున్నాయి. కలపకుండా నిగ్రహించుకున్నందుకు సౌధం వారు నాకు శాలువా కప్పారు. ఏం చెయ్యను, కప్పించుకున్నాను.

సన్నాహ దర్శనం జనానికి తెగ నచ్చేసింది. ఎక్కడెక్కడి నుంచో బస్సులు కట్టించుకుని వచ్చి, మేం మొదలుపెట్టకపోవడం చూసి ఆనందించి వెళ్లేవారు. దానికి ఏదో పురస్కారం కూడా వచ్చింది. పురస్కారం వచ్చాక అధికారి చేతులు కట్టుకు కూర్చుంటాడా? పరాంకుశం గారు సన్నాహాన్ని సౌధమంతటికీ విస్తరింపజేశారు. ద్వారం దగ్గర ఒకావిడ అగ్గిపుల్ల గీసి జ్యోతి వెలిగించబోయి ఊదేసేది. ముందు వరుసలో కోటయ్య గారని ఒక రిటైరైన తాసీల్దారుని ముఖ్య అతిథిగా కూర్చోబెట్టారు. బృందం రాగానే కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని, ఉపన్యాసానికి లేవబోవడం ఆయన పని. మాట్లాడకూడదు. మాట్లాడడానికే పుట్టిన మనిషి, లోపలి మాట బయటికి రాక చూస్తుండగానే చిక్కిపోయాడు. వెనక వరుసల్లో చప్పట్లు కొట్టబోయే శ్రోతల్ని నియమించారు. రెండు చేతులూ దగ్గరికి తెచ్చి తగలకుండా ఆపడంలో వాళ్లకి ప్రత్యేక శిక్షణ. క్యాంటీన్లో ఎసరు ఎప్పుడూ మరగబోతూ ఉండేది, పక్కన పళ్లెం నిండా కడిగిన బియ్యం అందులో పడబోతూ ఉండేవి. ఆకలేసినవాళ్లు బయటికెళ్లి బజ్జీలు తినేవారు. ఆఖరికి ప్రారంభోత్సవమే సన్నాహంలో పడిపోయింది. 'ప్రారంభం కాబోతున్నది' అని గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో పోతపోయించారు, ఎన్నేళ్లయినా చెక్కు చెదరకుండా.

అక్క ఆపరేషన్ మాత్రం సన్నాహంలో లేదు. దానికి తేదీ పడింది, దగ్గర పడింది. మొదట్లో ఆవిడ గజ్జె విప్పేటప్పుడు నన్ను చూసి నవ్వేది. తరవాత నవ్వడం మానేసింది. ఒక మధ్యాహ్నం, బృందం వెళ్లిపోయాక, గజ్జె విప్పకుండా అలాగే కూర్చుండిపోయింది.

"ఏటి పైడయ్యా, నా పిల్ల కొండ దిగకుండానే నా గొంతు పోతాదేటి?" అంది. ఆ ముక్క అనేసరికే గొంతు బొంగురుపోయింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, వెంటనే ఒళ్లూ మండింది. ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా పరాంకుశం గారి గదికి తీసుకెళ్లాను.

"అమ్మా, మీ ఆరోగ్య పరిస్థితి పట్ల సౌధం ప్రగాఢ సానుభూతి వ్యక్తం చేస్తోంది," అన్నారాయన. "అయితే ప్రారంభం అనేది ఒక్కసారే జరుగుతుంది. జరిగిపోయాక ప్రారంభం కావడానికి మా దగ్గర ఏం మిగులుతుంది? కథ పూర్తయితే జనం తృప్తిపడి ఇంటికి వెళ్లిపోతారు. తృప్తిపడిన సందర్శకుడు తిరిగి రాడు."

"ఒక్క సాయంత్రం బాబూ. జనం లేకపోయినా ఫర్లేదు. గోడలకి చెప్పుకుంటాను."

"గోడలు వినే విధంగా నిర్మించబడ్డాయి. అదే ఇబ్బంది," అన్నారు ఆయన నిజంగానే బాధపడుతూ. "ఒక్కసారి శబ్దం సోకితే, ఇక దీన్ని కల్తీలేని నిశ్శబ్దం అని మేం ప్రకటించుకోలేం."

అంటూనే సొరుగులోంచి శుభలేఖలు తీసి మా చేతుల్లో పెట్టారు. వాళ్లమ్మాయి పెళ్లట. కాబోయే వియ్యాలవారు మర్నాడే సౌధం చూడడానికి వస్తున్నారట, వాళ్లకి దర్శనం తానే స్వయంగా చేయిస్తారట, గజ్జె కాస్త నిండుగా కట్టమన్నారు. బయటికొచ్చాక అక్క ఆ శుభలేఖ మీది పసుపు వేలితో రుద్ది చూసుకుంది. "పెళ్లోరొస్తన్నారా," అంది తనలో తను.

మర్నాడు వియ్యాలవారు దిగారు. పెళ్లికొడుకు తల్లి మాణిక్యాంబ గారు కోనసీమ మనిషి. ఆవిడ ముందు నడుస్తుంటే వాళ్లాయన, ఆడపడుచు, తోడికోడళ్లు, వాళ్ల పిల్లలు వెనక నడిచారు. పరాంకుశం గారు హిమజ దగ్గర మైకు తీసుకుని తన చెంపకి తగిలించుకున్నారు, జెండా కూడా తానే పట్టుకున్నారు. ఎంత సంచాలకులైనా ఆడపిల్ల తండ్రి. నడుం కాస్త వంగే ఉంది.

"ఇటు దయచేయండి చెల్లెమ్మగారూ. మీరు ఇప్పుడు కళాకారులను వారి సహజ స్థితిలో చూస్తున్నారు."

అక్క గజ్జె కట్టడం పూర్తిచేసింది. నేను గుండ్రాయి పట్టుకుని అక్కర్లేని చోట తడుతున్నాను.

"పైడయ్యా, కలిపీ," అంది అక్క తలెత్తకుండా.

"ఉత్తర్వుందక్కా."

"కలిపీమన్నానా."

ఎన్నాళ్ల నుంచో పస్తులున్న చేతులు నావి. రెండు దెబ్బల్లో శ్రుతి కలిసి కూర్చుంది. అక్క లేచి నిలబడి, చిరతలు అందుకుని, కాలు తాటించింది. గజ్జెల చప్పుడు పైవరుసల దాకా పరిగెత్తి తిరిగి మా దగ్గరికి వచ్చింది. ఆ గోడలు అంత ఆకలిగా ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

"వినండి నాయినా, మొగలేటి కల్యాణం," అంది అక్క.

పరాంకుశం గారి చేతిలో జెండా వాలిపోయింది. "ఇది కూడా సన్నాహంలో ఒక భాగమే. దయచేసి నడుస్తూ ఉండండి," అన్నారు మైకులో.

మాణిక్యాంబ గారు నడవలేదు. "కల్యాణ కథ కాదుటండీ అన్నయ్యగారూ? మొదలెట్టేశారు కదా. ఇంక తాళి పడేదాకా కదలకూడదండి," అంటూ ముందు వరుసలో, ముఖ్య అతిథి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ కూర్చోగానే ఆవిడ వెనకున్న కోనసీమంతా కూర్చుంది.

"చెల్లెమ్మగారూ, ఇంకా పాలరాతి విభాగం చూడవలసి ఉంది."

"పెళ్లి పెట్టుకుని, కల్యాణం మధ్యలో లేచెళ్లి మరుగుదొడ్లు చూడమంటారేవిటండీ?"

పరాంకుశం గారు దీపాల గది వైపు రహస్యంగా సైగ చేశారు. దీపాలు ఆరిపోయాయి. "కల్యాణ వేళ దీపాలు ఆర్పారేవిటండీ?" అన్న మాట చీకట్లోంచి వినిపించింది. దీపాలు మళ్లీ వెలిగాయి, ముందున్నవాటికంటే ఎక్కువే వెలిగాయి. ద్వారం దగ్గరావిడ ఆ కంగారులో అగ్గిపుల్ల ఊదడం మరిచిపోయి జ్యోతి నిజంగానే వెలిగించేసింది. పరాంకుశం గారు వియ్యపురాలి పక్కన కుర్చీ అంచున కూర్చున్నారు.

అక్క ఏటిని కొండ దింపడం మొదలుపెట్టింది. మగపెళ్లివారు రాకుండా ఆడపిల్ల నడిచి వెళ్లడమేమిటని కొండ తండ్రి అడ్డం పడ్డాడు. నా పెళ్లికి నా కాళ్లే నడుస్తాయి నాన్నా అని మొగలేరు బయలుదేరింది. నేను మృదంగం మీద ఆ పిల్ల వెనకే బండరాళ్ల మీంచి దూకుతూ దిగాను. దారిలో చెరుకు తోటల వాళ్లు ఎదురొచ్చి వడ్డాణం అడిగారు, ఇచ్చింది. కాలవల వాళ్లు చేతి గాజులు అడిగారు, ఇచ్చింది. ఇసుక లారీల వాళ్లు అడక్కుండానే కాళ్ల పారాణి తవ్వుకుపోయారు. పెళ్లికని నిండుగా బయలుదేరిన పిల్ల మైదానానికి వచ్చేసరికి సన్నబడిపోయింది. వెనక వరుసలో చప్పట్లు కొట్టబోయే శ్రోత ఒకడు వెక్కుతున్నాడు.

ఇంతలో హిమజ రెండో బృందాన్ని తోలుకొచ్చింది. "దయచేసి నడుస్తూ ఉండండి," అంటూనే వచ్చి, అక్క గొంతు విని నిలబడిపోయి, జెండా చంకలో పెట్టుకుని కింద కూర్చుంది. గైడు కూర్చుంటే బృందం నడుస్తుందా? వాళ్లూ కూర్చున్నారు. మూడో బృందం వచ్చింది, నాలుగోది వచ్చింది. దర్శనానికి ముందు నుంచి లోపలికి వచ్చే దారే గానీ వెనక్కి పోయే దారి లేదు, అంతా ఒకే వైపు నడక. వచ్చినవాళ్లు వచ్చినట్టే నిండిపోయారు. కావలివాళ్లు జనాన్ని లేపడానికి వచ్చారు. కల్యాణ కథ అని తెలిసి, టోపీలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

కోటయ్య గారు ఇంత జనాన్ని చూసి తట్టుకోలేకపోయారు. ఇన్నాళ్లూ లేవబోయినాయన ఇవాళ పూర్తిగా లేచి నిలబడ్డారు. "సభకు నమస్కారం," అన్నారు.

"కూర్చోండి తాతగారూ. పెళ్లి నడుస్తోందండి," అన్నారు మాణిక్యాంబ గారు.

కూర్చున్నారు గానీ, రెండు మాటలైనా బయటపడ్డందుకు మొహం వెలిగిపోయింది.

అక్క ఇప్పుడు మంచి ఊపు మీద ఉంది. కాయ లేదు, డాక్టరు లేడు. "ఆ పిల్ల రేవు దగ్గరికి వచ్చీసరికి ఒక గాజుమేడ అడ్డంగా నిలబడింది బాబూ. అమ్మా, తాడు దాటకు, పెళ్లికొడుకు కనిపిస్తాడు గానీ వినిపించడు, నడుస్తూ ఉండు అంది," అని హిమజ గొంతు అచ్చంగా దింపేసరికి హాలు హాలంతా విరగబడి నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది హిమజే. పరాంకుశం గారు వియ్యపురాలు నవ్వుతోందో లేదో చూసుకుని, తరవాత తానూ నవ్వారు.

గాజుమేడ దాటాక ఇసుకమేట. ఏటికీ సముద్రానికీ మధ్య ఆ మేటే ఆడపడుచై గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. మొగుడి పేరు చెబితేగానీ లోపలికి పోనివ్వనంది. వియ్యాలవారి ఆడపడుచు ముసిముసిగా నవ్వుకుంది. పిల్ల సిగ్గుపడింది, తల వంచింది, పేరు చెప్పింది. మేట అయినా కదల్లేదు.

"అప్పుడు మొగలేరు అంది కదా," అంటూ అక్క గొంతు పైకి తీసింది. "వదినా, కొండ కాడ్నించి ఇంత దూరం నేనే నడిచాను. ఉన్నదంతా దారిలో ఇచ్చీశాను. ఇంక ఒక్క అడుగుంది. ఆ ఒక్క అడుగూ..."

అక్కడ గొంతు ఆగిపోయింది.

పెదవులు కదులుతున్నాయి, పాట లేదు. అక్క చిరతలు ఉన్న చెయ్యి గుండెకి ఆనించుకుని మళ్లీ ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. నేను మృదంగంతో కాసేపు సర్ది ఆపేశాను. నిపుణులు కొలిచిన ఆ నిశ్శబ్దం హాలంతా వచ్చి కూర్చుంది. అది ఎంత భయంకరంగా ఉంటుందో ఆ నిపుణులకి తెలియదు. నేను కదా ఆవిడ పక్కన ఉన్నది. ఎవ్వరూ కదల్లేదు. అక్క నెమ్మదిగా వెనక్కి తిరిగి, గాజు అవతల మూగగా ఎగిసిపడుతున్న సముద్రానికి చెయ్యి చాపి నిలబడింది.

"అన్నయ్యగారూ," అన్నారు మాణిక్యాంబ గారు, "పెళ్లికొడుకు బయటే నిలబడి ఉన్నాడండి."

"అది సముద్రమండీ చెల్లెమ్మగారూ. ఆ ద్వారం తెరవాలంటే ఉన్నతస్థాయి అనుమతి..."

"పెళ్లికొడుకు గుమ్మంలోకొస్తే అనుమతులంటారా? రేపు మావాడొచ్చినా ఇంతేనాండీ?"

పరాంకుశం గారు అంత వేగంగా పరిగెత్తగలరని సౌధంలో ఎవరికీ తెలియదు. తాడు దూకారు. నా గుండ్రాయి తన్నుకుని తూలారు, ఆగలేదు. గాజుగోడ మధ్యలో ఉన్న పెద్ద ద్వారం గొళ్లేలు తనే రెండు చేతులా లాగి, రెక్కలు బార్లా తీసి, అలవాటు చొప్పున పక్కకి ఒదిగి, నడుం వంచి, "దయచేయండి," అన్నారు.

సముద్రం వచ్చింది. హోరు మొత్తం ఒక్కసారి లోపలికి వచ్చి, ఇన్నాళ్లూ ఆకలితో ఉన్న ఆ గోడలకి తగిలి, మా పక్కటెముకల్లో మోగింది. ఉప్పు గాలికి తెరలన్నీ లేచాయి, అక్క పమిట లేచింది. ఆ ఒక్క అడుగూ పెళ్లికొడుకే వేశాడు. అక్క రెండు చేతులూ పైకెత్తి గాల్లో ముడి వేసింది, ఇంకో ముడి వేసింది, మూడో ముడి వేసింది. నేను గట్టిమేళం అందుకున్నాను. మూత చిరిగినా ఫర్లేదన్నట్టు వాయించాను. క్యాంటీన్లో ఎసట్లో పడబోతున్న బియ్యం ఎవరు తెచ్చారో, ఎవరు పసుపు కలిపారో తెలియదు, అక్షతలై అందరి చేతుల్లోకీ వచ్చి అక్క నెత్తిన పడ్డాయి. చప్పట్లు కొట్టబోయేవాళ్లు శిక్షణంతా మరిచిపోయి చేతులు కందిపోయేలా కొట్టారు. ఎవ్వరూ వినని నడక అంతమంది విన్నారు. నేనూ విన్నాను.

జరిగినది ప్రారంభోత్సవం కాదనీ, ప్రారంభోత్సవానికి నిండు సన్నాహం మాత్రమేననీ పరాంకుశం గారు పైవాళ్లకి నివేదించారు. గుమ్మం మీద ఇత్తడి అక్షరాలు అలాగే ఉన్నాయి. నన్ను మాత్రం శ్రుతి కలిపిన నేరానికి తీసేశారు. అదీ ఒక గౌరవమే.

అక్కకి ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినట్టే మాట వచ్చింది, చెవి నోటికి ఆనిస్తే వినిపించేంత. పాట రాలేదు. ఒక మధ్యాహ్నం నేను ఆవిడకి జావ కలిపి ఇస్తుంటే, బత్తాయిల సంచీతో పరాంకుశం గారు వచ్చారు. వాళ్లమ్మాయి పెళ్లి నిర్విఘ్నంగా జరిగిందట. కుశలప్రశ్నలయ్యాక కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"సౌధం మిమ్మల్ని తిరిగి ఆహ్వానిస్తోందమ్మా. గజ్జె కడితే చాలు. సన్నాహానికి గొంతుతో నిమిత్తం లేదు. నిజం చెప్పాలంటే, మీరు మొదలుపెట్టే ప్రమాదం ఇప్పుడు బొత్తిగా లేదు కాబట్టి, ఈ పదవికి పూర్తి అర్హత మీకు ఇప్పుడే వచ్చింది."

నేను జావ గిన్నె కింద పెట్టి లేవబోయాను. అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. పరాంకుశం గార్ని దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. ఆయన నడుం వంచి చెవి దగ్గర పెట్టారు.

"పెళ్లయిపోనాది బాబూ," అంది అక్క. "ఇంక పెళ్లిచూపులకి కూకోను."